మావగారి పంచె, నా అవిసె నూనె

మా ఉయ్యాల బల్ల టేకుది, అమ్మ కాపురానికొచ్చిన నాటిది. పాలిష్‌కి మేస్త్రి అడిగిన కూలి విని ఒళ్ళు మండి, నేనే చేసుకుంటానన్నాను. లెక్క తేలికే. బాయిల్డ్ అవిసె నూనె, ఆయిల్ వార్నిష్, టర్పెంటైన్ సమానంగా కలపాలి. గుడ్డతో పట్టించి, పావుగంట ఆగి, పైన తేలిందంతా తుడిచేయాలి.

పాత పాలిష్ గీకడం, 120, 180, 220 నంబర్ల సాండ్ పేపర్ వరుసగా పట్టడం ఒక ఆదివారంతో అయిపోయింది.

తంటా అంతా నూనె దగ్గరే. షాపులో బాయిల్డ్ నూనె అడిగితే కౌంటర్లో పెద్దమనిషి పచ్చి నూనె డబ్బా చేతిలో పెట్టి, "ఇంట్లో కాచుకోండి సార్, అదే బాయిల్డ్" అన్నాడు. డిగ్రీ చదివినవాణ్ణి, నమ్మాను. పాత మూకుట్లో పోసి స్టవ్ మీద పెట్టాను. ఇల్లంతా చేపల కంపు. మేం ఉల్లిపాయ కూడా ఆలోచించి తినేవాళ్ళం. మా ఆవిడ కిటికీలన్నీ తెరిచి, నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

అది కలిపి పూశాను. జూలై ముసురు. వారమైనా వేలు పెడితే వేలు అంటుకుంటోంది. ఎనిమిదో రోజు మావగారు చెప్పాపెట్టకుండా దిగారు. నేను స్నానం చేసి వచ్చేసరికి గంజి పెట్టిన తెల్ల పంచెతో ఉయ్యాల మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. నాకు నోరు పెగల్లేదు. ఆయన లేచారు, పంచె లేవలేదు.

"ఏమండీ అల్లుడుగారూ, బల్లకి ఆముదం రాశారా?"

వెనకాల మా బావమరిది గోడ పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ పంచె మరక ఇప్పటికీ వదల్లేదు.

తర్వాత తెలిసిందేమంటే, ఈ నూనె నీళ్ళలా ఆవిరై ఆరదు. గాలిలో ఆక్సిజన్‌ని పట్టుకుని గట్టిపడుతుంది. బాయిల్డ్ అని అమ్మేదాంట్లో ఆ పని త్వరగా జరగడానికి కోబాల్ట్, మాంగనీసు లాంటి డ్రైయర్లు కలుపుతారు. మూకుట్లో ఎంత కాచినా అవి పుట్టవు, పైగా మంట అంటుకునే ప్రమాదం. ఆ షాపు గడప ఇక తొక్కను. కాస్త తప్పు నాదీ ఉందిలెండి, మెరుపు రావాలని తుడవకుండా దట్టంగా వదిలేశాను.

జిగురంతా టర్పెంటైన్‌తో కడిగి, గీకి, మళ్ళీ మొదలు. ఈసారి బాయిల్డ్ అని అచ్చున్న సీలు డబ్బా కొన్నాను. మూడూ 200 మి.లీ. చొప్పున, రోజుకొకటిగా మూడు పూతలు. నీళ్ళతో చేసే కొత్తరకం వార్నిష్ దీనికి పనికిరాదు, నూనెతో కలవదు. తుడిచిన గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. విడివిడిగా దండెం మీద ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచండి.

ఇప్పుడు బల్ల మీద టేకు చారలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. మేస్త్రి చూసి, ఎవరు చేశారని అడిగాడు. అంత తొందరగా చెప్తానా!

మొన్న మావగారు మళ్ళీ వచ్చారు. బల్ల బాగుందన్నారు. ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.