గొంతు పోయిన రోజు

డిసెంబరు 17, బుధవారం

పొద్దున లేచేసరికి గొంతు లేదు. నొప్పి పెద్దగా లేదు, మాట మాత్రం రావట్లేదు. ఆఫీసులో ఎవరేం అడిగినా తల ఊపుతూ, చీటీల మీద రాసిస్తూ రోజు గడిపేశాను. సాయంత్రం చర్చిలో క్యారల్స్, అంటే క్రిస్మస్ పాటల ప్రాక్టీస్ ఎగ్గొడదామా అనుకుని, ఇంట్లో ఉండి చేసేదేముందని వెళ్లాను. మా క్వయిర్ (పాటల బృందం) లీడర్ నా గుసగుస విని, "అక్కా, మీరివాళ పాడొద్దు. వెనక కూర్చుని మాకెక్కడ శ్రుతి తప్పుతోందో చెప్పండి" అన్నాడు. చెప్పడానికి గొంతేదీ?

పన్నెండేళ్లుగా ఆల్టో, అంటే ఆడగొంతుల్లో కింది స్థాయి వరస, పాడుతున్నాను. ఇన్నేళ్లలో ఒక్క క్రిస్మస్ పాటనీ నిజంగా వినలేదని ఇవాళే తెలిసింది. పాడేవాళ్లం వినం, లెక్కపెట్టుకుంటాం. ఎక్కడ అందుకోవాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, పై స్థాయిలో పాడే సొప్రానో వాళ్ల వెంట జారిపోకుండా ఎలా నిలబడాలి. నా ఫైలు నిండా పెన్సిల్ గుర్తులే.

మొదట 'జాయ్ టు ద వరల్డ్' పాడారు. ఐజాక్ వాట్స్ దీన్ని బైబిల్లోని 98వ కీర్తన ఆధారంగా రాసి 1719లో అచ్చువేశాడు. అందులో పశువుల తొట్టీ లేదు, గొర్రెల కాపరులూ లేరు, లోకాన్ని ఏలడానికి వచ్చే రాజే ఉన్నాడు. అయినా క్రిస్మస్‌కి అతుక్కుపోయింది, ఎవరికీ అభ్యంతరం లేదు. నా కాలు దానంతటదే తాళం వేసింది. అంతకుమించి ఏమీ కాలేదు. కొన్ని నెలలుగా ఇలాగే ఉంది. పెద్ద కష్టమేదో వచ్చిపడిందని కాదు. ప్రార్థనకి కూర్చుంటే లోపల మాట కదలట్లేదు. ఎవరితోనూ అనలేదు. క్వయిర్‌లో ముందు వరసలో నిలబడే మనిషి ఈ మాటంటే ఏమనుకుంటారో అని.

తర్వాత కీబోర్డు ఆపేసి 'సైలెంట్ నైట్' ఎత్తుకున్నారు, మనం 'శుద్ధరాత్రి' అని పాడుకునేది. జోసెఫ్ మోర్ అనే కుర్ర పాదిరి 1816లో రాసిన కవిత అది. ఐరోపాలో నెపోలియన్ యుద్ధాలు ముగిసి అప్పటికి ఏడాది. ఆ ఏడు వేసవి రాక పంటలు కూడా పోయాయి. రెండేళ్ల తర్వాత, 1818 డిసెంబరు 24న, ఫ్రాంజ్ గ్రూబర్ అనే బడిపంతులు దానికి బాణీ కట్టాడు. ఆ రాత్రే ఆస్ట్రియాలోని ఓబర్న్‌డార్ఫ్ చర్చిలో ఇద్దరూ గిటార్‌తో పాడారు. (చర్చి ఆర్గాన్‌ని ఎలుకలు కొరికేశాయన్న ముచ్చట తర్వాత ఎవరో అల్లింది. పిల్లలకి మాత్రం అదే గుర్తుంటుంది.)

ఈ సంగతులు ఎప్పుడో చదివినవే. కానీ ఈ పాటలో అంతా ప్రశాంతంగా ఉందని ఆ పాదిరి అలాంటి ఏడాదిలో ఎలా రాశాడన్నది ఇవాళే తట్టింది. ఇన్నాళ్లూ దాన్ని యేసు పుట్టిన బెత్లెహేము రాత్రి వర్ణన అనుకున్నాను. వెనక బెంచీలో కూర్చుని వింటుంటే మాత్రం, లేని ప్రశాంతతని ఎవరో దేవుణ్ణి అడుగుతున్నట్టుంది.

ఊయల ఊపే లయ. కిందనించి బేస్ గొంతులు మోస్తున్నాయి. ఎప్పుడూ నా పక్కన నిలబడే అమ్మాయి ఇవాళ ఒక్కతే మా ఆల్టో వరసని పట్టుకుంది, కొంచెం భయపడుతూనే. రెండో చరణం మధ్యలో చూసుకుంటే నా పెదాలు కదులుతున్నాయి. శబ్దం లేదు. మాటలు కూడా నావి కావు, రెండు వందల ఏళ్ల కిందటి ఒక పాదిరివి. ఆగస్టు తర్వాత నేను చేసిన మొదటి ప్రార్థన అదే అనుకుంటాను. కళ్లు తుడుచుకుంటుంటే జలుబు అనుకుని ఒకావిడ కర్చీఫ్ ఇచ్చింది.

ఇంటికొచ్చి లూకా సువార్త రెండో అధ్యాయం తీశాను. యేసు పుట్టిన రాత్రి దూతలు పాడారని అక్కడ లేనే లేదు, దేవునికి స్తోత్రం చేశారనే ఉంది. పాట మనం చేర్చుకున్నదన్నమాట. మోర్ రాసినవి ఆరు చరణాలైతే ఎక్కువమంది పాడేది మూడే. వదిలేసిన వాటిలో ఒకటి, యేసు లోకంలోని ప్రజలందరినీ అన్నలా కౌగిలించుకున్నాడని చెబుతుంది. అన్నీ వదిలి దాన్నెందుకు వదిలేశారో! ఈసారి పాడదామని లీడర్‌కి మెసేజ్ పెట్టాను.

గొంతు రెండు రోజుల్లో వచ్చేస్తుందన్నారు డాక్టర్. అంత తొందరేం లేదనిపిస్తోంది.