అలుగుకు కట్టిన వల

మట్టికట్టకు సిమెంటు పూసే మనుషులుంటారని మా తమ్ముడి వల్లే తెలిసింది. పైగా ఫోటో తీసి పంపాడు, కింద దండం పెట్టే బొమ్మతో. "అక్కా, ఊట ఆగిపోయింది. ఇక నిశ్చింతగా ఉండు." పదకొండు కావస్తోంది, ఈయన గురక మొదలైంది, నా నిశ్చింత ఇలా టైపు చేయడంలో పడింది.

ఆ కట్ట మా ఊళ్లోని మా కుంటది. నాన్న పోయాక పంచుకోవడం కుదరక మా ఇద్దరికీ ఉమ్మడిగా మిగిలినది. కట్ట వెనక వైపు అడుగున, కంపచెట్ల పక్కన, చాప పరిచినంత మేర నేల ఎప్పుడూ చెమ్మగా ఉంటోంది. ఎండాకాలంలో కూడా అక్కడ తుంగ పచ్చగా నిలబడి ఉంటుంది. మొన్న ఊరికి వెళ్లినప్పుడు ఆ నీళ్లు గాజు సీసాలో పట్టుకొచ్చి వంటింటి కిటికీలో పెట్టాను. ఈయన అడిగింది ఒక్కటే. "అడుగున మన్ను దిగిందా?" దిగలేదు, పైనుంచి కిందదాకా తేటగానే ఉంది. "అయితే కాఫీ ఇవ్వు" అన్నారు. ఉద్యోగమంతా చెరువుకట్టల మీద తిరిగిన మనిషి, ఇంట్లో మాత్రం మాటలు పొదుపు.

తర్వాత నేనే గుచ్చి గుచ్చి అడిగి చెప్పించుకున్నాను. ఏ మట్టికట్ట అయినా ఎంతో కొంత నీరు ఊరుతుంది. ఆ నీళ్లతో పాటు మన్ను రావడం మొదలైతేనే భయం. వెనక నుంచి నీళ్ల వైపుగా లోలోపలే సొరంగం తవ్వుకుంటూ పోతుంది, మనం చూసేసరికి గండి పడి ఉంటుంది. అందుకే ఊట మీద ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆపైన రాళ్లు పేర్చాలి. నీళ్లు పోవాలి, మన్ను ఆగాలి. బయట నుంచి మూత వేస్తే నీళ్లు ఆగవు, లోపల ఒత్తిడి పెరిగి ఇంకోచోట దారి చూసుకుంటాయి. ఇదంతా ఈయన ఫోనులో వాడికి విడమరచి చెప్పారు కూడా. "సరే బావా, సరే బావా" అన్నాడు. తీరా చూస్తే బాత్‌రూము పనికి తెచ్చిన సిమెంటులో సగం బస్తా మిగిలిందట!

మన కడప జిల్లాలోనే పోరుమామిళ్ల చెరువు శాసనం ఉంది. విజయనగర రాకుమారుడు భాస్కరుడు 1369లో వేయించినది. చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కారు. కట్ట నుంచి నీరు ఊరడం ఒకటి, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఇంకొకటి. మా కుంటకు రెండూ ఉన్నాయి. రెండో రాజ్యం పేరు మా తమ్ముడు.

నాన్న ఉన్నప్పుడు వాన పట్టిన రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. గోనెసంచి తలమీద కప్పుకుని, పార భుజాన వేసుకుని బయలుదేరేవారు. లాంతరు పట్టుకునే పని నాది. కట్ట మీద ఎండ్రకాయ బొరియ కనిపిస్తే మోచేతిదాకా చెయ్యి దూర్చి లోతు చూసేవారు. తడి బంకమన్ను ముద్దలు చేసి ఒక్కొక్కటే లోపలికి తోసి, మడమతో తొక్కేవారు. నేనూ తొక్కేదాన్ని, నా కాలిగుర్తు కూడా పడాలని. ఒక రాత్రి నీళ్లు కట్ట అంచుకు జానెడు దూరానికి వచ్చాయి. బండ్లు దాటీ దాటీ కట్ట ఒకచోట పల్లమయింది. నీరు పల్లమెరుగు కదా, పొర్లితే అక్కడే పొర్లాలి. అమ్మ, నేను, జీతగాడు గంపలతో మన్ను ఎత్తిపోశాం. నాన్న మాత్రం మాతో లేరు. నడుములోతు నీళ్లలో, కుంట నిండితే ఎక్కువైన నీరు బయటికి పోయే అలుగు దగ్గర నిలబడి, అడ్డం పడిన కంపను లాగి పారేస్తున్నారు. తెల్లవారాక ఆయన చేతుల నుంచి ముళ్లు తీయడానికి అమ్మకు పిన్నీసు, నాకు ఏడుపు.

ఇది రాస్తుంటే కోపం సిమెంటు మీద నుంచి జరిగి వేరేచోట కూర్చుంది. నాన్న పరుగెత్తింది ఊట దగ్గరికి కాదు, అలుగు దగ్గరికి. ఆ అలుగుకు ఇప్పుడు చేపలు పోకుండా ఈ చివర నుంచి ఆ చివరకు నైలాను వల కట్టి ఉంది. మొన్న చూసినప్పుడే దానికి ప్లాస్టిక్ సంచులు, తుంగ, కంప పట్టి సగం గోడయింది. ఊట సంగతి చూడటానికి కనీసం వ్యవధి ఉంటుంది. నీళ్లు పొర్లితే మట్టికట్టకు గంటలే. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి చెయ్యేరు ఒడ్డు ఊళ్లు ఏమయ్యాయో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1889లో అమెరికాలోని జాన్స్‌టౌన్‌ను ముంచినది కూడా డబ్బున్నవాళ్ల క్లబ్బు సొంత మట్టికట్టే. అలుగుకు చేపల కోసం జాలీలు బిగించారు, బండ్ల దారికోసం కట్ట ఎత్తు తగ్గించారు. 2,209 మంది పోయారు. మా కుంట దాని ముందు ఎంత, నిజమే. కానీ కట్ట కింద ఇదివరకు వేరుశనగ చేలుండేవి, ఇప్పుడు ఇళ్లు లేచాయి. రెండు నిలువుల ఎత్తు కట్టను ఆనకట్టల భద్రత చట్టం పట్టించుకోదు. అది 15 మీటర్లు దాటిన వాటికి, కొన్ని షరతులతో 10 మీటర్లు దాటిన వాటికి. మాకు మేమే దిక్కు.

తమ్ముడి మాటలోనూ న్యాయం లేకపోలేదు. వల లేకపోతే చేపలవాడు లీజు డబ్బు ఇవ్వడు, లీజు లేకపోతే కట్ట మీద కంప కొట్టించడానికి డబ్బు లేదు. పోయిన ఏడాది కూలీ డబ్బులు ఆ లీజులోంచే వచ్చాయి, నేను పైసా పంపలేదు. వల అసలే వద్దని ఇందాక అనుకున్నాను, ఇప్పుడు అనలేకపోతున్నాను. వేసవిలో ఉండనీ. ఈశాన్య రుతుపవనాలు దిగేలోపు మాత్రం విప్పాలి. చేపలు పోతే పోనీ, ఆ నష్టం నా వాటాలో కోసుకోమంటాను. సిమెంటు కూడా పగలగొట్టించాలి. ఇసుక, కంకర ఖర్చు నాది. బావ చెప్పిన వరుసలోనే పోయించే పూచీ వాడిది, ఈసారి ఫోటో పంపితే నమ్మను, ఈయనను బస్సెక్కిస్తాను.