జ్యాకోవాలో ఓట్ల రోజు

కొసావో రాజధాని ప్రిష్టీనాలో మంచు విడిస్తే గానీ స్టుట్‌గార్ట్‌లో విమానం కదలదన్నారు. నాలుగు గంటలు కూర్చోబెట్టారు. సెప్టెంబర్ 11 జరిగి అప్పటికి రెండు నెలలు. నా గడ్డాన్నీ, పాస్‌పోర్టునూ మార్చి మార్చి చూసిన సెక్యూరిటీ వాళ్ళ మీద పొద్దున్నుంచీ ఒళ్ళు మండుతోంది. నా మిత్రుడు మాత్రం తొణకలేదు. "నవంబర్‌లో మా ఊరెళ్ళడమంటే ఎప్పుడూ ఇంతే" అన్నాడు జర్మన్‌లో.

అతను మా బిల్డింగులో కింది వాటాలో ఉండేవాడు. పదేళ్ళుగా టైల్స్ పని చేస్తున్నాడు. నేను అంతకు ముందు ఏడాది జర్మనీ మొదలుపెట్టిన ఐటీ గ్రీన్ కార్డు మీద వెళ్ళినవాణ్ణి. 2001 నవంబర్ 17న కొసావోలో అసెంబ్లీ ఎన్నికలు. తన ఓటు ముందే పోస్టులో పంపేశాడు. "అమ్మ ఒక్కతే ఉంది, రంజాన్ కూడా మొదలవుతోంది, నువ్వూ రా" అన్నాడు. వీసా అక్కర్లేదని తెలిసి వెంటనే ఒప్పుకున్నాను. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు ఆ మాట ఎంత అపురూపమో చెప్పక్కర్లేదు. వీసా ఇవ్వడానికి అక్కడ దేశమంటూ లేదు మరి. సెర్బియా బలగాలకూ, అక్కడ ఎక్కువమంది అయిన అల్బేనియన్లకూ మధ్య 1999లో ముగిసిన యుద్ధం తర్వాత భద్రతామండలి 1244వ తీర్మానంతో కొసావో పాలన ఐక్యరాజ్యసమితి చేతిలోకి వెళ్ళింది. నా పాస్‌పోర్టు మీద ముద్ర కూడా వాళ్ళదే పడింది.

ఎయిర్‌పోర్టు బయట టాక్సీ అతను యాభై మార్కులు అడిగాడు. అంటే వెయ్యి రూపాయల పైమాట. అక్కడా జర్మన్ మార్కులే నడిచేవి. స్టుట్‌గార్ట్‌లో ఇచ్చిన జీతం నోట్లే ప్రిష్టీనాలోనూ ఇస్తుంటే, దూరం వచ్చినట్టే అనిపించలేదు. విదేశీ సిబ్బంది వచ్చాక అద్దెలూ టాక్సీలూ అందరికీ ఇలాగే మండిపోతున్నాయని మిత్రుడు గొడవపడి ముప్ఫైకి దించాడు. బస్‌స్టాండు చేరేసరికి చీకటి పడింది. కరెంటు లేదు. పేవ్‌మెంట్ల మీద షాపుకో జనరేటర్ మోగుతోంది. గాలిలో ఒబిలిచ్ థర్మల్ ప్లాంటు నుంచి వచ్చే లిగ్నైట్ పొగ వాసన. ఎండాకాలం కోతల్లో అబిడ్స్ వీధులు ఇలాగే మోగేవి.

మిత్రుడి ఊరు జ్యాకోవాకు వెళ్ళే బస్సులో మా వెనక సీట్లో ఒక లా స్టూడెంటు ఉన్నాడు. జర్మన్ వచ్చు. నేను ఇండియా అనగానే "నేనా తెరేజా!" అని చెయ్యి కలిపాడు. మదర్ తెరిసా అల్బేనియన్ కదా, మా ఇద్దరికీ ఉమ్మడి చుట్టమన్నట్టు మాట్లాడాడు. ఎన్నికల గురించి అడిగితే వేళ్ళు మడుస్తూ చెప్పాడు. మొత్తం 120 సీట్లు. అందులో వంద సీట్లు, వచ్చిన ఓట్ల లెక్క ప్రకారం పార్టీలకు. పది సెర్బులకు, ఇంకో పది రోమా, బోస్నియాక్, తుర్కు వంటి చిన్న సముదాయాలకు రిజర్వు. బడి, ఆస్పత్రి, వ్యవసాయం ఈ సభ చూసుకుంటుంది. పోలీసు, కోర్టు, సరిహద్దు, విదేశీ వ్యవహారాలు సమితి ప్రతినిధి దగ్గరే. ఆ ప్రతినిధి తలచుకుంటే సభనే రద్దు చేయగలడు. అప్పుడు ఆ కుర్చీలో డెన్మార్క్‌కు చెందిన హాన్స్ హెకెరుప్ ఉన్నాడు.

"మరి ఎందుకు వేస్తారు?" అన్నాను. అతను కాసేపు కిటికీలోకి చూసి "మా అమ్మ వేస్తుంది, నేనూ వేస్తా" అన్నాడు. ఆ జవాబు నాకు అప్పుడు నచ్చలేదు. దారి పొడవునా గుంతలు, ఎదురుగా ఇటలీ సైనికుల ట్రక్కులు. ఇంకేం మాట్లాడుకోలేదు.

మిత్రుడి తల్లి గుమ్మంలోనే ఎదురైంది. అక్కడి యాసలో అమ్మను "నాన" అంటారు. మన నోటికి నాన్నను పిలిచినట్టుంటుంది. నేనూ నాన అనే పిలిచాను. గోడ మీద ఒకే ఫోటో. గీతల స్వెటర్ వేసుకున్న కుర్రాడు, ఒక చెయ్యి ఫ్రేము బయటికి వెళ్ళిన ఎవరి భుజం మీదో ఉంది. మిత్రుడి తమ్ముడు. 1999 ఏప్రిల్‌లో సెర్బు బలగాలు తీసుకెళ్ళాయి. తిరిగి రాలేదు. 2001 వేసవిలోనే సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ పక్కన బటాయ్‌నిత్సాలో సామూహిక సమాధులు బయటపడ్డాయి. అప్పటి నుంచి నాన టీవీ వార్తలు నిలబడే చూస్తోందట.

పోలింగ్ రోజు పొద్దున్నే తెల్లటి తలగుడ్డ కట్టుకుని బయల్దేరింది. ఐడీ కార్డును రుమాలులో పెట్టి రెండు ముళ్ళు వేసింది. మా అమ్మమ్మ పింఛను డబ్బులు కొంగున అలాగే ముడేసుకునేది. బజారు మీదుగా నడిచాం. 1999లో కాల్చేసిన పాత బజారు అది. సగం దుకాణాలకు కొత్త చెక్క తలుపులు, సగం ఇంకా మసిగోడలు. హదుమ్ మసీదు మినారుకు పైభాగం లేదు. పోలింగు ఒక స్కూల్లో. నన్ను లోపలికి రానివ్వరు కాబట్టి గేటు దగ్గర ఉండిపోయాను. క్యూలో ప్లిస్ అనే తెల్లటి ఉన్ని టోపీలు పెట్టుకున్న ముసలివాళ్ళు, కోటు గుండీలన్నీ పెట్టుకున్న ఆడవాళ్ళు. చలికి పాదాలు నేలకేసి కొడుతున్నారు. ఉపవాసం కాబట్టి టీ లేదు, సిగరెట్టు లేదు. మూడు గంటలు పట్టింది. ఎవరూ వెనుదిరగలేదు.

బయటికొచ్చిన నాన చేతివేళ్ళు ఎండకు పెట్టి అటూ ఇటూ తిప్పింది. రాసిన సిరా కంటికి కనపడదు, ప్రత్యేకమైన దీపం కింద పెడితేనే మెరుస్తుందట. "వేశానని ఎలా తెలుస్తుంది?" అని కొడుకునడిగింది. మా దగ్గర గోరు మీద నల్ల గుర్తు నెలరోజులైనా పోదని చెప్పాను. అది మేలంది.

దారిలో నోరు విప్పింది. మిత్రుడు జర్మన్‌లోకి మారుస్తూ నడిచాడు. చిన్నకొడుకు పేరు ఓటర్ల జాబితాలో లేదు. ఉండదు కూడా. 2000లో మనిషి స్వయంగా వచ్చి నమోదు చేసుకుంటేనే పేరెక్కింది. చనిపోయినవాళ్ళ జాబితాలోనూ లేదు. రెండేళ్ళుగా ఒక కార్యాలయానికి తిరుగుతోంది. వెళ్ళినప్పుడల్లా కొత్త దేశపు కొత్త మనిషి ఉంటాడు. బాగానే మాట్లాడతాడు, కుర్చీ వేస్తాడు, మళ్ళీ మొదటి నుంచి చెప్పమంటాడు. స్వెటర్ రంగుతో సహా అంతా చెప్పాలి. ఆర్నెల్లకు అతనూ వెళ్ళిపోతాడు.

"ఈసారి మా భాషలో మాట్లాడేవాడు ఒకడు కూర్చుంటాడు. వాడు ఎక్కడికీ వెళ్ళడు. వాణ్ణి అడుగుతాను" అంది.

పోలీసూ కోర్టూ ఆ సభ చేతిలో ఉండవని మిత్రుడికి తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఏమీ అనలేదు. ఆ రోజే గ్రచానిత్సా వంటి ఊళ్ళలో సెర్బులు సైనికుల కాపలా మధ్య ఓటు వేస్తున్నారు. మిట్రోవిత్సా ఉత్తరాన చాలామంది సెర్బులు పోలింగ్ బూత్‌ల వైపే వెళ్ళలేదు. కొడుకుల జాడ తెలియని తల్లులు అక్కడా ఉన్నారు. నానతో ఆ మాట చెప్పే చొరవ నాకు లేదు.

నాలుగుంబావుకే పొద్దు గూకింది. ఖర్జూరంతో ఉపవాసం విడిచి, నాన ఫ్లియా పెట్టింది. పల్చటి పిండి ఒక పొర పోయడం, నిప్పులతో కాల్చిన ఇనుప మూత కప్పడం, అది కాలాక ఇంకో పొర. మధ్యాహ్నమంతా పెరట్లో వంగి అదే పని. దోసెల దొంతరలా ఉంది, పొర విప్పితే మీగడ వాసన. ఊరబెట్టిన మిరపకాయలు నంజుకుని నేను మూడుసార్లు వేయించుకున్నాను. ఆ మధ్యలో కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగించి ఫోటో కింద పెట్టింది.

అప్పుడు అడిగింది, మీ దగ్గర ఓటు వేశాక, గెలిచినవాడి మీద ఇంకెవరైనా ఉంటారా అని. ఉండరన్నాను. వెళ్ళి అడగొచ్చా? అడగొచ్చు, పొద్దున్నే ఎమ్మెల్యే ఇంటి ముందు జనం కాగితాలు పట్టుకుని కూర్చుంటారు అన్నాను. పనవుతుందా అని అడగలేదు. "వెళ్ళగొట్టరా?" అంది. చాలాసార్లు లోపలికి పిలుస్తారన్నాను. మరి నువ్వు ఎవరికి వేశావంది. 1999 ఎన్నికలప్పుడు ఊరెళ్ళడానికి బస్సు ఛార్జీ దండగనుకుని నేను హైదరాబాద్‌లోనే ఉండిపోయాను. అది చెప్పాను. మిత్రుడు తర్జుమా చేయడానికి కొంచెం తటపటాయించాడు.

నాన విని నా చెయ్యి పట్టుకుంది. కోప్పడలేదు. కాగితాల సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. ఎంతమంది కూర్చుంటారు, ఆడవాళ్ళు కూడా వస్తారా, ఫోటో తీసుకెళ్ళొచ్చా.