సోలార్ స్టిక్‌కి వైఫై కలపడానికి నేను పడ్డ పాట్లు

మొత్తానికి ఇవాళ పొద్దున మా సోలార్ యాప్‌లో 'ఆఫ్‌లైన్' అన్న ఎర్ర అక్షరాలు పోయాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఇదే తలనొప్పితో ఉన్నవాళ్లు చాలామందే తేలారు మరి.

మాది తెనాలి. పీఎం సూర్యఘర్ (ఇంటి మీద సోలార్ పెట్టించుకుంటే కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం) కింద మూడు కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టించాం. దరఖాస్తు, నెట్ మీటరు, 78 వేల సబ్సిడీ అన్నీ సాఫీగానే అయిపోయాయి. ఇన్వర్టర్ కింద వేలెడంత స్టిక్ ఒకటి ఉంటుంది, అది ఇంటి వైఫై పట్టుకుని రోజుకెన్ని యూనిట్లు వచ్చాయో యాప్‌కి పంపుతుంది. అది పనిచేయకపోయినా కరెంటు తయారవుతూనే ఉంటుంది, కానీ సాయంత్రం కాఫీ తాగుతూ యూనిట్లు చూసుకోవడం మా మామయ్యగారికి అలవాటైపోయింది. ఇంటర్నెట్ కంపెనీవాళ్లు "ఉచిత అప్‌గ్రేడ్" అంటూ పాత రూటర్ తీసుకుపోయి కొత్తది బిగించిన రోజు నుంచి ఆ స్టిక్ మూగబోయింది.

కొత్త రూటర్‌లో రెండు బ్యాండ్లు (సిగ్నల్ వెళ్లే రేడియో దారులు) ఉన్నాయి, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. రెండింటికీ ఒకే పేరు పెట్టేసి, బ్యాండ్ స్టీరింగ్ అని ఒకటి ఆన్ చేసి వెళ్లారు. అంటే 5 కూడా పట్టగలిగే ఫోన్ వస్తే, 2.4 వైపు రూటర్ కాసేపు బదులివ్వకుండా ఊరుకుంటుంది, లేదా "అటు వెళ్లు" అని సందేశం పంపుతుంది. చివరికి ఎటు వెళ్లాలో తేల్చుకునేది ఫోనే. ఫోన్లకి, లాప్‌టాప్‌లకి ఇది హాయే. సోలార్ స్టిక్కులు, స్మార్ట్ ప్లగ్గులు, చవక సీసీ కెమెరాల్లో చాలావాటికి 2.4 తప్ప రెండోది తెలియదు. ఇలాంటి అతితెలివి రూటర్ల దగ్గర అవి తికమకపడిపోతాయి.

సోలార్ వాళ్ల మనిషి వచ్చి చూసి, "రూటర్ ప్రాబ్లమ్ మేడమ్" అని వెళ్లిపోయాడు. ఆయన చెప్పింది నిజమే.

ఇక ఇంటర్నెట్ కంపెనీ కస్టమర్ కేర్. "మేడమ్, ఇంట్లో సార్ ఉన్నారా?" "ఉన్నారు, ఎందుకు?" "టెక్నికల్ మ్యాటర్ కదా, సార్‌కి ఇస్తే మాట్లాడతాం." మా ఆయనది బట్టల వ్యాపారం, మా వైఫై పాస్‌వర్డ్ కూడా నన్నే అడుగుతారు. కనెక్షన్ నా పేరు మీద ఉంది, బిల్లు నేను కడుతున్నాను, పైగా ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లలకి విద్యుదయస్కాంత తరంగాల పాఠం చెబుతున్నాను. అవన్నీ వినే ఓపిక అవతల లేదు, రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు.

తర్వాత ఇంటికొచ్చిన కుర్రాడు, "మీది 5జీ రూటర్ మేడమ్, 2.4 పాతది, ఇప్పుడెవరూ వాడట్లేదు, ఆ స్టిక్కే మార్పించుకోండి" అన్నాడు. మొబైల్ 5జీ వేరు, వైఫైలో 5 గిగాహెర్ట్జ్ వేరు అని కూడా తెలియనివాణ్ని ఇంటికి పంపిస్తారు! సరే, రెండు పేర్లు విడదీయి తమ్ముడూ అంటే రూటర్ సెట్టింగులు మార్చడానికి కావాల్సిన అడ్మిన్ పాస్‌వర్డ్ తన దగ్గర లేదన్నాడు, ఆఫీసులో అడగమన్నాడు. ఆఫీసుకి వెళ్లి అడిగితే కౌంటర్‌లో ఉన్నతను పక్కవాడి వైపు తిరిగి, "మేడమ్ యూట్యూబ్ చూసి వచ్చారు" అని నవ్వాడు. లైన్లో నిలబడ్డవాళ్లు కూడా నవ్వారు. వాళ్లలో ఒకడు నా స్టూడెంటే. ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చి నా ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేశాను. బ్యాండ్ 2.4 పెడితే స్టిక్ వెంటనే కలిసింది, యాప్‌లో యూనిట్లు వచ్చేశాయి. అదే 5కి మార్చగానే, స్టిక్ చూపించే జాబితాలో నా హాట్‌స్పాట్ పేరే లేదు. మొత్తం వీడియో తీసి, ఫిర్యాదు నంబర్‌తో పంపాను. ఆ దెబ్బకి కొంచెం పెద్దాయన ఒకరు వచ్చారు, వెంట ఆ కుర్రాడు. లాప్‌టాప్ నాకు కనపడకుండా తిప్పుకుని పాస్‌వర్డ్ కొట్టారు (అణు రహస్యం మరి), స్టీరింగ్ తీసేసి పేర్లు విడదీశారు. పాత పేరు, పాత పాస్‌వర్డ్ 2.4కే ఉంచమని, కొత్త పేరు 5కి పెట్టమని పట్టుబట్టాను. అలా చేస్తే కెమెరాలు, ప్లగ్గులు మళ్లీ మొదటి నుంచి కలుపుకునే పని తప్పుతుంది.

అయినా స్టిక్ లైటు మిణుకుతూనే ఉంది. "చూశారా మేడమ్, స్టిక్కే పోయింది" అన్నాడు కుర్రాడు సంబరంగా. తెరమీద సెక్యూరిటీ దగ్గర 'డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3' అని ఉంది, ఇవి వైఫైకి వేసే తాళాల్లో పాత రకం, కొత్త రకం. స్టిక్ మాన్యువల్లో డబ్ల్యూపీఏ2 మాత్రమే రాసి ఉంది. "2.4 వరకు ఒట్టి డబ్ల్యూపీఏ2 పెట్టండి" అన్నాను. పెట్టి సేవ్ కొట్టారు. లైటు కాసేపు ఆరిపోయింది, వెలిగింది, ఇక కదల్లేదు. కుర్రాడు తన చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అంతటితో వదలకుండా ఛానెల్ (బ్యాండ్‌లో రూటర్ వాడుకునే చిన్న వరస) కూడా మార్పించాను. మన దగ్గర 2.4లో 1 నుంచి 13 దాకా ఛానెళ్లున్నా ఒకదానిమీద ఒకటి పడకుండా మామూలుగా వాడేవి 1, 6, 11. పక్కిళ్లన్నీ 6లో ఉన్నాయి, మాది 11కి వెళ్లింది.

సాయంత్రం "మీ ఫిర్యాదు పరిష్కారమైంది" అని మెసేజ్. పైన "డియర్ సర్".

అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వకపోతే గెస్ట్ నెట్‌వర్క్ (అదే రూటర్‌లో వేరే పేరుతో ఇచ్చే రెండో వైఫై) అన్నా అడగండి, చాలా రూటర్లలో దాన్ని 2.4కే పరిమితం చేయొచ్చు. స్టిక్ కలిపేటప్పుడు మీ ఫోన్ కూడా 2.4లోనే ఉండాలి, చాలా యాప్‌లు లేకపోతే మొరాయిస్తాయి. 5ని మాత్రం ఆపేయించకండి, టీవీకి, లాప్‌టాప్‌కి అదే కావాలి. కాకపోతే స్లాబు దాటి మేడ మీదికి వెళ్లేసరికి నీరసిస్తుంది, 2.4 కాస్త మెరుగు.

పాస్‌వర్డ్ ఇంకా ఇవ్వలేదు. ప్లాన్ గడువు అయ్యాక సొంత రూటర్ కొంటాను, వాళ్ల డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో (అంటే అది ఇంటర్నెట్‌ని నా రూటర్‌కి అందించి ఊరుకునేలా) పెట్టించాలి. దానికీ మళ్లీ వాళ్లనే అడగాలి.