రేలంగిని ఎలా చెప్పాలి?

ఆదివారం, రాత్రి.

ఎప్పుడూ ఉండే ఆదివారమే. పొద్దున రైతు బజారు, తర్వాత బట్టలు, ఇస్త్రీ. నీళ్ల ట్యాంకు కడిగే మనిషి వస్తానన్నాడు, రాలేదు. రేపటి ఆడిట్ కాగితాలు సర్దుకుందామని బ్యాగు తెచ్చి హాల్లో పెట్టాను. జిప్పు కూడా తియ్యలేదు. ఎందుకంటే అదే హాల్లో నాన్నగారు టీవీలో 'మాయాబజార్' పెట్టుకుని కూర్చున్నారు.

ఆయనకి చెవి సరిగా వినపడదు. మిషను పెట్టుకోమంటే హోరొస్తోందంటారు. అంచేత మా ఇంట్లో సినిమా ఆడుతోందంటే వీధి చివరిదాకా ఆడుతున్నట్టే. కానీ తమాషా ఏమిటంటే ఆయన నవ్వేది మాట విని కాదు. మాట రాకముందే నవ్వేస్తారు. లక్ష్మణకుమారుడు తెరమీదికి రావడమే ఆలస్యం, భుజాలు కదలడం మొదలవుతుంది.

మా అమ్మాయి ఫోనులోంచి తలెత్తి, "తాతయ్యా, ఆయనింకా ఏమీ అనలేదు కదా, ఎందుకు నవ్వుతున్నావ్?" అంది.

"రేలంగే అమ్మడూ!" అన్నారు, అంతకు మించి చెప్పేదేముందన్నట్టు.

"అయితే?"

నాన్నగారు చెప్పబోయారు. "వాడు... వాడలా నడిచొస్తాడు చూడు..." అని మళ్లీ నవ్వేసి, దగ్గొచ్చి, మంచినీళ్లు తాగి, ఇక చెప్పడం మానేశారు. దాంతో ప్రశ్న నా మీదికి తిరిగింది. "నువ్వు చెప్పు నాన్నా. ఆయన స్పెషాలిటీ ఏంటి?"

చెప్పబోతే తెలిసింది, ఇది ఎంత కష్టమో. ఎస్వీ రంగారావు గురించి చెప్పాలంటే ఒక డైలాగు అనుకరించి చూపించవచ్చు. బ్రహ్మానందం గురించి అసలు చెప్పనే అక్కర్లేదు. మా అమ్మాయి ఈడు పిల్లలకి ఆయన సినిమా నటుడి కంటే ముందు ఒక లిపి. మార్కులు తగ్గితే ఒక బొమ్మ, ఫ్రెండు మాట తప్పితే ఇంకో బొమ్మ, నిద్రొస్తే మరొకటి. చాలాసార్లు అవి ఏ సినిమాలోవో కూడా వాళ్లకి తెలియదు. అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పుకునే లెక్చరరు 1987లో 'అహ నా పెళ్ళంట'లో అరగుండుగా కనిపించి, ఇవాళ కదలకుండా నిలబెట్టినా నవ్వించే స్థితికి వచ్చారంటే మాటలు కాదు. రేలంగి అలా ఆగే మనిషి కాదు. ఫొటోలో చూస్తే కాస్త బొద్దుగా, మర్యాదగా కనిపించే గోదావరి జిల్లా పెద్దమనిషి, అంతే. కదలాలి, పక్కన ఎవరో ఒకరు ఉండాలి, ఏదో ఒకటి ఆయన అనుకున్నట్టు జరగకుండా పోవాలి. అప్పుడు మొదలవుతుంది.

ముందు జీవిత చరిత్రతో నెట్టుకొద్దామనుకున్నాను. రేలంగి వెంకట్రామయ్య, 1910 ఆగస్టులో పుట్టారు, కాకినాడలో పెరిగారు. తండ్రి సంగీతం, హరికథలు నేర్పేవారు. కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అని నాటకాల వాళ్ల సంఘం ఒకటుండేది. రంగారావు, అంజలీదేవి లాంటి వాళ్లంతా అక్కడి నుంచి వచ్చినవాళ్లే. ఆ రోజుల్లో ఈయన స్టేజీ మీద ఆడవేషాలు కట్టేవారు. తెలుగు టాకీలు కలకత్తా వెళ్లి తీసుకొస్తున్న కాలంలో, 1935లో, సి. పుల్లయ్య గారి 'శ్రీకృష్ణ తులాభారం'లో మొదటిసారి తెరమీద కనిపించారు.

"అంతే, స్టార్ అయిపోయారు" అంది మా అమ్మాయి, కథ తనే ముగించేస్తూ.

కాలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి పుల్లయ్య గారి దగ్గరే, కంపెనీ పనులు చూసుకుంటూ, చిన్న చిన్న వేషాలు వేసుకుంటూ గడిపారు. 1942లో 'బాలనాగమ్మ'లో కొత్వాలు వేషం, మధ్యలో ఇంకా కొన్ని. జనం గుర్తుపట్టింది 1948లో 'వింధ్యరాణి'తో. మరుసటేడు 'గుణసుందరి కథ'తో నిలదొక్కుకున్నారు. అప్పటికి ఆయనకి నలభై దగ్గరపడుతున్నాయి.

"ఆ పదమూడేళ్లూ ఇల్లెలా గడిచిందో, ఆయన భార్య ఎన్ని తిప్పలు పడిందో, అది చెప్పండి ముందు" అని వంటింట్లోంచి మా ఆవిడ. ఈ మాట నాన్నగారికి వినపడలేదు. ఆయన చెవుడు ఇలాంటప్పుడు చాలా నమ్మకంగా పనిచేస్తుంది.

మా అమ్మాయికి అసలు ఆసక్తి పుట్టింది వేరే దగ్గర. 'మాయాబజార్' వచ్చింది 1957 మార్చిలో. అంటే ముత్యాల హారాలు వేసుకుని, శశిరేఖ కోసం ముద్దుగా మురిసిపోతున్న ఆ పెళ్లికొడుక్కి నలభై ఆరేళ్లు. తండ్రి దుర్యోధనుడిగా వేసిన ముక్కామల ఆయన కంటే దాదాపు పదేళ్లు చిన్న. ఇది చాలదన్నట్టు 1963లో 'నర్తనశాల' తీసినప్పుడు మళ్లీ అదే ముక్కామల విరాటరాజు, అదే రేలంగి ఆయన కొడుకు ఉత్తరకుమారుడు. అప్పటికి యాభై మూడు.

"రెండుసార్లూ కొడుకే పెద్దవాడా?" అని పగలబడి నవ్వింది. అంతసేపట్లో అది నవ్వడం అదే మొదలు. అదీ నటనకి కాదు, లెక్కకి.

కానీ ఆ లెక్కలోనే నాకు ఒక దారి దొరికింది. నలభై ఆరేళ్ల మనిషి పాతికేళ్ల రాకుమారుడిగా వచ్చినా మనకి వయసు గుర్తు రాదు. ఎందుకు రాదు? ఆ వేషం మీద ఆయనకి అంత నమ్మకం. నేను అందగాడిని, నా కోసం ఏ పిల్లయినా పడి చచ్చిపోతుంది అని లక్ష్మణకుమారుడు ఎంత గట్టిగా నమ్ముతాడో, రేలంగి అంత గట్టిగానూ నమ్మేస్తారు. నన్ను చూసి నవ్వండి అని ఎక్కడా అడగరు. 1951లో 'పాతాళభైరవి'లో రాజుగారి బావమరిదిగా 'వినవే బాలా' పాడింది కూడా ఆయన సొంత గొంతుతోనే. నవ్వించడానికి అపశ్రుతిలో పాడితే ఎవరైనా నవ్వుతారు. ఆయన శుభ్రంగా పాడతారు, ఆ మనిషి ప్రేమలో ఉన్నాడు మరి! రాకుమారికి అక్కర్లేని ప్రేమ అంత శ్రద్ధగా వినిపిస్తూంటే మనకి నవ్వాగదు.

పెళ్లి సీను వచ్చేదాకా ఆగమన్నాను. మాయా శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు పీటల మీద పెళ్లికొడుకు కాలు తొక్కే చోట అందరూ సావిత్రినే చూస్తారు. చూడాల్సిందే, ఆడపిల్ల ఒంట్లో రాక్షసుణ్ణి దాచి చూపించడం ఆమెకే చెల్లింది. కానీ ఆ కాలు ఎంత బరువో మనకి తెలిసేది ఆమె కాలు చూసి కాదు, రేలంగి మొహం చూసి. నొప్పి, సిగ్గు, పదిమంది చూస్తున్నారన్న బెంగ, ఇంత అందగాణ్ణి నన్నేనా అన్న ఆశ్చర్యం, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చేస్తాయి. మా అమ్మాయి నవ్విందా అంటే, నవ్వింది. ఆమెని చూసే నవ్విందని నా అనుమానం.

సాయంత్రం టీ తాగాక నేనే పనిమానుకుని 'నర్తనశాల' పెట్టాను. మొత్తం కాదు, ఉత్తర గోగ్రహణం దగ్గర్నుంచి. ఉత్తరకుమార ప్రగల్భాలు అనే మాట మా ఆఫీసులో వారానికోసారైనా వినపడుతుంది కానీ, ఆ ప్రగల్భాలు ఎలా ఉంటాయో ఇది చూస్తేనే తెలుస్తుంది. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు ఒకటే కోతలు. సరైన సారథి లేక ఆగాను కానీ లేకపోతేనా అంటాడు. బృహన్నల ఉందిగా అని సారథిని చూపించేసరికి ఇరుక్కుపోతాడు. తీరా కౌరవ సైన్యం కనపడేసరికి రథం దిగి పరుగు. ఎన్టీ రామారావు బృహన్నల వెనకాలే వెళ్లి లాక్కొస్తుంది.

నేను గమనించింది ఒకటుంది. లక్ష్మణకుమారుడూ ఉత్తరుడూ ఇద్దరూ ప్రగల్భాల రాయుళ్లే, ఇద్దరూ రాకుమారులే, ఇద్దరినీ వేసింది ఒక్కరే. అయినా ఒకడి గొప్పలు ఇంకొకడికి అతకవు. మొదటివాడికి అద్దం పిచ్చి, వాడి గోలంతా తన మీద తనకున్న ముద్దు. రెండోవాడు అలా కాదు. వాడి గొంతులో కోతలు కోసేటప్పుడే కొంచెం తొందర ఉంటుంది, ఎవరైనా నిజమా అని అడిగేలోపు ముగించేద్దామన్నట్టు. తనకి భయమని వాడికి ముందే తెలుసు.

తర్వాత 'కాంచనమయ వేదికా' పద్యం. తిక్కన గారిది, ఘంటసాల గొంతులో. ఎదురుగా ఉన్న ద్రోణుణ్ణి, అశ్వత్థామని, కృపుణ్ణి, కర్ణుణ్ణి, భీష్ముణ్ణి ఒక్కొక్కరినీ జెండా గుర్తులు చెప్పి బృహన్నల ఉత్తరుడికి చూపిస్తుంది. నాన్నగారికి ఈ పద్యం నోటికి వచ్చు. టీవీతో పాటు అందుకున్నారు, వినపడదు కాబట్టి సగం పాదం వెనకగా. నేను వద్దనలేదు. ఆ పద్యంలో వీరుల గొప్పతనమంతా వినేవాడి వల్ల వస్తుందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. అర్జునుడు పక్కనున్న ఇంకో వీరుడికి ఇవే మాటలు చెబితే అది పరిచయం. చెమటలు కారుతున్న ఉత్తరుడికి చెబితేనే ఆ జెండాలు పెద్దవవుతాయి. హాస్యగాడు భయపడి హీరోని ఎత్తు పెంచుతున్నాడన్నమాట. ఆ సంగతి ఎవరూ ఆయన ఖాతాలో వెయ్యరు.

మా అమ్మాయి పరుగు సీనుని వెనక్కి తిప్పి ఇంకోసారి చూసింది. ఈసారి నవ్వుతుందనుకున్నాను. "పాపం నాన్నా, వెళ్లనివ్వచ్చు కదా! రానంటుంటే ఎందుకలా లాక్కొస్తున్నారు?" అంది.

"యుద్ధం కదే" అన్నారు నాన్నగారు.

"అయితే? అంతమందిని చూస్తే భయం వెయ్యదా ఎవరికైనా?"

అనుకోని వైపు నుంచి వచ్చింది జవాబు. చిన్నప్పుడు నేనూ, నా కంటే ముందు నాన్నగారూ ఆ పరుగుకి నవ్వాం. పిల్లకి జాలేసింది. రెండూ ఆ ఒక్క పరుగులోనే ఉన్నాయి, చూసేవాళ్లు ఏది కావాలంటే అది తీసుకోవచ్చు. రమణారెడ్డిని తీసుకుంటే, నెల్లూరాయన, సన్నగా గాలికి ఎగిరిపోయేట్టుంటారు, ఆయన పాత్ర దెబ్బ తింటే మనకి జాలి రాదు. బాగా అయింది అనుకుంటాం, ఎందుకంటే ఆయన ఎత్తులు వేసేవాడు. రేలంగి ఎత్తుల్లో పడేవాడు. ఆ లావూ ఈ సన్నం పక్కపక్కన నిలబడితే చాలు, అప్పట్లో హాలు గోలెత్తిపోయేదట. పోవడం కూడా ఏడాది తేడాలోనే, రమణారెడ్డి 1974లో, రేలంగి 1975 నవంబరులో. 1970లో పద్మశ్రీ వచ్చింది, తెలుగు హాస్యనటుల్లో అందరికంటే ముందు ఆయనకే. తాడేపల్లిగూడెంలో ఆయన కట్టించిన రేలంగి చిత్రమందిర్‌లో నాన్నగారు పెళ్లికి ముందు చాలా సినిమాలు చూశారు. సినిమాల పేర్లు అడిగితే తడుముకుంటారు గానీ పక్కన ఏ స్నేహితుడు కూర్చున్నాడో మాత్రం చెప్పేస్తారు.

భోజనాలయ్యాక పడుకోబోతూ మా అమ్మాయి అడిగింది, "తాతయ్యా, తర్వాత వాళ్లిద్దరూ ఏమయ్యారు? ఉత్తరుడూ, ఆ పెళ్లికొడుకూ?"

నాన్నగారికి ఈ ప్రశ్న ఒక్కసారికే వినపడింది. "కురుక్షేత్రానికి వెళ్లారు. ఉత్తరుడు మొదటి రోజే శల్యుడి చేతిలో పోయాడు. లక్ష్మణకుమారుణ్ణి పదమూడో రోజు అభిమన్యుడు చంపాడు."

"అదేంటి, అంత భయస్థులు యుద్ధానికి వెళ్లారా? మరి సినిమాలో అదేదీ లేదే?"

నిజమే, రెండు సినిమాలూ అభిమన్యుడి పెళ్లి దగ్గరే ఆగిపోతాయి, ఒకదాంట్లో శశిరేఖతో, ఇంకోదాంట్లో ఉత్తరతో. నేను ఇతిహాసం, కథా పరిధి అంటూ ఏదో మొదలుపెట్టేలోపు నాన్నగారు దుప్పటి లాక్కుంటూ తేల్చేశారు.

"రేలంగిని చంపేస్తే టికెట్టు కొన్నవాడు ఊరుకుంటాడా అమ్మడూ?"