సిద్ పాట నుంచి పల్నాటి దాకా

మా ఇంట్లో ఇప్పుడు రోజూ మోగేది డార్క్ మూర్ అనే బ్యాండ్. మ్యాడ్రిడ్‌లో 1993లో మొదలైన బ్యాండ్ అది. మేముండేదీ ఈ ఊళ్ళోనే. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, ఈఎస్ఓ మూడో ఏడు చదువుతున్నాడు, అంటే మన లెక్కలో తొమ్మిదో తరగతి. వాడు వినేదాన్ని సింఫనిక్ పవర్ మెటల్ అంటారు. రెండు కాళ్ళతోనూ ఆపకుండా వాయించే డ్రమ్ములు, వేగంగా పరిగెత్తే గిటార్లు, వెనక ఆర్కెస్ట్రా, కోరస్, అన్నిటినీ దాటుకుని వచ్చే గొంతు. మొదట్లో తల తిరిగేది. విన్నకొద్దీ అందులో కథ చెప్పే పద్ధతి ఒకటి తెలిసొచ్చింది.

వాళ్ళ ప్రయాణం పిల్లలున్న వాళ్ళం తెలుసుకోవాల్సిందే అనిపిస్తుంది నాకు. 1999లో మొదటి ఆల్బమ్. తర్వాతి రెండింటిలో కథలన్నీ ఎక్కడెక్కడివో: ఫ్రాన్సు వీరవనిత జోన్, పారిస్ నోట్రడామ్ గంటలు, అమెరికా కవి పో. 2002లో మొజార్ట్ రెక్వియం (చనిపోయినవాళ్ళ కోసం కట్టిన ప్రార్థనా సంగీతం) ఆధారంగా పెద్ద పాట చేశారు. మరుసటి ఏడాదికల్లా బ్యాండ్ రెండు ముక్కలైంది. గాయని ఎలిసా మార్తిన్, ఒక గిటారిస్టు, డ్రమ్మర్ బయటికెళ్ళి డ్రీమేకర్ అని వేరే బ్యాండ్ పెట్టుకున్నారు. ఆమె గొంతే ఆ బ్యాండ్ అనుకున్న అభిమానులకు అది పెద్ద దెబ్బ. గిటారిస్టు ఎన్రిక్ గార్సియా మాత్రం వదల్లేదు. ఆల్ఫ్రెడ్ రొమెరో అనే గాయకుణ్ణి తీసుకుని 2003లోనే బ్యాండ్ పేరుతోనే కొత్త ఆల్బమ్ తెచ్చాడు. ఆ తర్వాత వివాల్డి, బీతోవెన్, చైకోవ్‌స్కీ లాంటి పాతకాలపు సంగీతకర్తల్ని ఒక్కొక్కరినీ గిటార్ల మీదికి తెచ్చారు. మా వాడికి వివాల్డి పరిచయమైంది స్కూల్లో కాదు, వీళ్ళ దగ్గరే.

నా మనసు పట్టుకున్నది 2010 ఆల్బమ్. దాని పేరు 'యాన్సెస్ట్రల్ రొమాన్స్'. అప్పటికి బ్యాండ్ పుట్టి పదిహేడేళ్ళు. స్పెయిన్ మీద ఒకటీ అరా పాటలు అంతకు ముందూ ఉన్నాయి గానీ, ఈసారి ఆల్బమ్ నిండా దాదాపు తమ నేల కథలే. గాలిమరల మీదికి ఉరికిన దోన్ కిహోతే, సంగీతకర్త మాన్యుయెల్ ద ఫాల్యా అగ్నినృత్యం, కాదిస్ ఊరి పాతకాలపు పేరు. కవి ఎస్‌ప్రోన్‌సేదా రాసిన సముద్రపు దొంగ పాటను స్పానిష్‌లోనే పాడారు. వీటి మధ్య 'మియో సిద్' ఒకటి.

సిద్ కథ ఇక్కడ స్కూల్లో పాఠం. సిద్ అంటే పదకొండో శతాబ్దపు స్పెయిన్ వీరుడు రోద్రిగో దీయాస్, 'మియో సిద్' కావ్యం అతని మీదే. రాజు ఆరో అల్ఫోన్సో అతన్ని దేశం నుంచి వెళ్ళగొడతాడు. కావ్యంలో ఒక చోటు ఉంది, చదివినప్పుడల్లా నాకు గుండె పట్టేస్తుంది. బుర్గోస్ ఊళ్ళో అతనికి ఎవ్వరూ తలుపు తియ్యరు. ఆశ్రయమిస్తే ఆస్తీ కళ్ళూ పోతాయని రాజాజ్ఞ. చివరికి తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె బయటికొచ్చి, మాకు కీడు జరిగితే మీకు ఒరిగేదేముంది, వెళ్ళిపోండి అని చెబుతుంది. అంతటి వీరుడూ ఆ పిల్ల మాట విని కదిలిపోతాడు. భార్య హిమేనానీ ఇద్దరు కూతుళ్ళనూ ఒక మఠంలో వదిలి వెళ్ళేటప్పుడు, వేలి నుంచి గోరు ఊడినట్టు విడిపోయారంటాడు కవి. అమ్మానాన్నల్ని ఎయిర్‌పోర్టులో వదిలి వచ్చిన వాళ్ళెవరికీ దాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

పరీక్షకి ఈ పాఠం చదువుతూ, అదే పాట హెడ్‌ఫోన్లలో పెట్టుకుని, మా వాడు అడిగాడు, "అమ్మా, మనకి ఇలా వెళ్ళగొట్టిన వాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

రాముడు, పాండవులు వాడికి తెలుసు. వాడడిగింది మా ఊరి వైపు వాళ్ళ గురించి. మా నాన్నది గురజాల. వెంటనే వీడియో కాల్ కలిపాను.

"ఉండకపోవడమేంట్రా మనవడా! మన బ్రహ్మనాయుడు లేడూ? కోడిపందెం ఓడి మాచర్ల వాళ్ళంతా ఏడేళ్ళు వలస పోలేదూ?"

"కోడిపందేనికా తాతయ్యా? రాజ్యం పెట్టారా?"

ఇక నాన్నని ఆపడం ఎవరి తరం? నాగమ్మ ఎత్తు, నలగామరాజు కొలువు, గడువు తీరి వచ్చినా రాజ్యం ఇవ్వకపోవడం, రాయబారానికి వెళ్ళిన అలరాజుని విషం పెట్టి చంపడం, కారంపూడి యుద్ధం. బాలచంద్రుడు యుద్ధానికి బయల్దేరే చోట నాన్న కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. కారంపూడిలో వీరవిద్యావంతులు కత్తి పట్టుకుని ఈ కథ ఎలా పాడతారో చూపించబోతే, ఫోన్లో మాకు కనిపించింది ఆయన చొక్కా బొత్తాలు మాత్రమే. మా వాడు కదల్లేదు, పాజ్ నొక్కిన పాట మళ్ళీ పెట్టనూ లేదు. వాడిది ముక్కలు ముక్కలు తెలుగు, మధ్యలో స్పానిష్ దొర్లుతుంది. అయినా బాలుడి కథ ఎక్కడా జారిపోకుండా పట్టుకున్నాడు.

ఉగాదికి కలిసినప్పుడు మా తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది టెన్షన్ ఒకటే: పిల్లలు ఇక్కడి వాళ్ళైపోతున్నారు, ఇక్కడి పాటలు తగ్గిస్తే మనవి ఎక్కుతాయి. నేను ఒప్పుకోను. సిద్ మీద ప్రేమ పుట్టకపోతే మా వాడు బ్రహ్మనాయుణ్ణి అడిగేవాడే కాదు. ఒక ఊరి వీరుణ్ణి అభిమానించడం వచ్చినవాడికి రెండో ఊరి వీరుడు పరాయివాడు కాడు. ఇంకోటి కూడా చూడండి, ఈ నేల మీదే పుట్టి పెరిగిన ఆ బ్యాండ్ వాళ్ళే ఊరంతా తిరిగి తమ కథల దగ్గరికి రావడానికి అన్నేళ్ళు పట్టింది. వచ్చినప్పుడు ఆ గిటార్లూ డ్రమ్ములూ ఏవీ వదులుకోలేదు. మన పిల్లలకి పదిహేనేళ్ళకే అన్నీ వచ్చెయ్యాలని ఎందుకు తొందర?

డార్క్ మూర్ 2018లో 'ఆరిజిన్స్' అని ఒక ఆల్బమ్ తెచ్చింది, కెల్టిక్ జానపదం కలిపి. మా వాడికి అది అంతగా నచ్చలేదు, నాకు మాత్రం బాగుంది. ప్రస్తుతం వాడు గిటార్ మీద 'మియో సిద్' నేర్చుకుంటున్నాడు. మొన్న ఆదివారం తాతయ్యకి ఫోన్లో కొంత వాయించి వినిపిస్తే, ఆయన అంతా విని, "బాగుంది గానీ నాన్నా, వలస పోయేవాడు అంత స్పీడుగా పోతాడా?" అని అడిగాడు. ఇద్దరూ దాని మీద అరగంట వాదించుకున్నారు.