536870911: కడప బండ మీద నా లెక్క

ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి 2ను రెట్టింపు చేసుకుంటూ పోయి, 29వ ఘాతం దగ్గర ఆగి, అందులోంచి 1 తీసేసి, "నాయనా, ఇది ప్రధాన సంఖ్యేనా?" అని అడగడంతో ఈ పని నా మెడకు చుట్టుకుంది. కడపలో మా వసారా అంతా నల్లబండలే కనుక, సుద్దముక్కతో అక్కడే 536870911 అని రాసుకున్నాను.

ముందు ఆమె హెచ్చవేతలో తప్పు లేదని తేల్చుకోవలసి వచ్చింది. 2 ఆరో ఘాతాన్ని, అంటే 64ను, 9తో భాగిస్తే 1 మిగులుతుంది కనుక, 29వ ఘాతానికి శేషం 32కు వచ్చే శేషమే, అంటే 5 కావాలి. 536870912 అంకెల మొత్తం 41. దాని శేషమూ 5. ఆ తొమ్మిది అంకెల్లో ఏదీ రెండోసారి రాలేదు, 4 ఒక్కటే లోపించింది. ఇది చూసి అమ్మాయి కన్నా నేనే ఎక్కువ సంబరపడ్డాను.

ఘాతాంకం ప్రధానం కాకపోతే ఇలాంటి సంఖ్య తప్పక విడిపోతుంది. ఇక్కడ 29 ప్రధానమే కావడంతో ఆశ మిగిలింది. 3తో మొదలుపెట్టి 61 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో పదిహేడు భాగహారాలు చేశాను. 47 దగ్గర శేషం సున్నా వచ్చిందనుకొని, తిరిగి గుణిస్తే నా తీసివేతలోనే పొరపాటు బయటపడింది. మరునాడు ఇల్లు తుడిచేసరికి ఆ లెక్కలన్నీ తడిగుడ్డకు అంటుకుపోయాయి.

అవి పోయినందుకు నష్టమేమీ లేదని తరువాత తెలిసింది. ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా 1640లోనే కనిపెట్టిన సంగతి ప్రకారం, ఈ సంఖ్యను నిశ్శేషంగా భాగించే ఏ ప్రధాన సంఖ్య అయినా 58 గుణిజం కన్నా ఒకటి ఎక్కువగానే ఉండాలి. పైగా దాన్ని 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి, ఎందుకంటే 2 ముప్పయ్యో ఘాతం ఒక వర్గమూ అవుతుంది, ఆ ప్రధానంతో భాగిస్తే 2 మిగులుస్తుంది కూడా. 59 రెండో నియమం దగ్గరే ఆగిపోయింది. 117, 175 ప్రధానాలే కావు. ఆ తరువాతది 233. భాగించగానే 2304167 వచ్చి, శేషమేమీ మిగలలేదు. అంటే మొదటి రోజు నేను చేసిన పదిహేడింటిలో ఒక్కటీ చేయనక్కరలేదు!

2304167 వర్గమూలం 1518 లోపే కనుక అక్కడిదాకా వెతికితే చాలు. రెండు నియమాలకూ నిలిచినవి మళ్లీ 233, ఆపై 929, 1103 మాత్రమే. 233కు 30 మిగిలింది, 929కి 247 మిగిలింది, 1103 సరిగ్గా భాగించి 2089ని ఇచ్చింది.

"మరి 2089ని మళ్లీ విడగొట్టొద్దా?" అంది అమ్మాయి. అక్కరలేదు: అది ప్రధానం కాకుంటే 46 లోపు ఒక కారణాంకం ఉండాలి, ఆ కారణాంకం అసలు సంఖ్యనూ భాగించాలి, కానీ అసలు సంఖ్యకు 233 కన్నా చిన్న ప్రధాన కారణాంకమే లేదు. ఆమె నమ్మకుండా మూడింటినీ తానే గుణించి, 536870911 వచ్చాకే సుద్దముక్క కింద పెట్టింది.